నాలుగు సెకన్ల మౌనం

జనవరి 18, శనివారం. ఉదయం 6.10

ప్రాంప్టర్ పని ఒప్పుకున్నాను. డెబ్భై ఒకటో ఏట.

నిన్న సాయంత్రం నరేందర్ ఇంటికి వచ్చాడు. మౌలాలిలో ఉంటాడు. ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు, సెలవు రోజుల్లో నాటికలు రాసి ఊరూరా నాటక పరిషత్తు పోటీల్లో ఆడిస్తాడు. పోయిన ఏడాది రెండు ఊళ్లలో టైము దాటినందుకు మార్కులు పోయాయట. గంట నాటిక గంటలో ముగియాలి. నటుడు మరిచిన మాట తెర పక్క నుంచి అందించే ప్రాంప్టింగ్ ముందు వరుసకు వినపడకూడదు. పాత ప్రాంప్టర్‌ది పెద్ద గొంతు, పైగా వాచీ చూసేవాడు కాదట. మీరైతే సెకను గూడ పోనియ్యరు మేడం, మీరంటె అందరికి భయం, మాకు గావాల్సింది గదే అన్నాడు. పొగిడాడో ఎత్తిపొడిచాడో తెలియలేదు.

ముప్ఫై నాలుగేళ్లు నాచారంలో సర్కారు బడిలో పాఠాలు చెప్పాను. స్పోర్ట్స్ డే కోసం కొన్న స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తోంది. ఐదున్నర రిహార్సల్ అంటే ఐదున్నరకే మొదలవ్వాలి, ఐదు ముప్ఫై ఐదుకు వచ్చినవాళ్లు బయటే నిలబడాలి అన్నాను. తల ఊపాడు.

అసలు కారణం వాచీ కాదు. డైరీలో అబద్ధం రాయను. నా కొడుకు కూతురు త్రివేణి ఇంజనీరింగ్ రెండో ఏట మానేసి, ఏడాదిన్నర గది తలుపు మూసుకుని కూర్చుంది. అన్నం పళ్లెం తలుపు ముందు పెట్టి వచ్చేవాళ్లం. ఈ నాటికలో కూతురి వేషం వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. అది ఎక్కడికి వెళ్తే అక్కడ నేనుండాలి.

జనవరి 25, శనివారం

రిహార్సల్ కమ్యూనిటీ హాలులో, మౌలాలి పట్టాల పక్కన. నాటిక పేరు ‘గేటు’. రైల్వే గేట్‌మ్యాన్ కథ. అడక్కుండానే గూడ్సు బండి కూత వేసి పోతూ ఉంటుంది.

ఇరవై ఏళ్ల కింద ఆ గేటు దగ్గర ప్రమాదం జరిగింది. తాను మేలుకునే ఉన్నానని గేట్‌మ్యాన్ ప్రమాణం చేశాడు. శిక్ష ఇంకొకరికి పడింది. చివర్లో కూతురు అడుగుతుంది, నాయినా, ఆ దినం నువ్వు మేలుకోనే ఉన్నవా అని. తండ్రి నాలుగు సెకన్లు మౌనంగా ఉండాలి. తర్వాత, నిద్రవోయిన బిడ్డా అనాలి. నాటికంతా ఆ మాట మీదే నిలబడి ఉంది.

తండ్రి వేషం బాలనర్సింహది. నాచారం వాడే, ఫ్యాక్టరీలో రేకులు వంచే మిషను మీద పని. ఏడో తరగతిలో నా దగ్గర చదివాడు. ఇప్పుడు యాభై నాలుగు. నన్ను చూడగానే చేతిలో సిగరెట్ చెప్పు కింద వేసి తొక్కాడు.

వీళ్లకు ఒక పద్ధతి ఉంది. మాట మరిచిన నటుడు భుజం మీది తువ్వాలు అంచు పట్టుకోవాలి. అప్పుడే ప్రాంప్టర్ మాట అందించాలి. తువ్వాలు పట్టుకోకుండా ఎంతసేపు ఆగినా అది నటన. ప్రాంప్టర్ నోరు తెరిస్తే తప్పు. ఒక ఊళ్లో పాత ప్రాంప్టర్ మౌనం మధ్యలో మాట అందించి నాటిక మొత్తం పాడు చేశాడట. అప్పటి నుంచి ఈ నియమం. నాకు నచ్చింది.

బాలనర్సింహ ఒక్కసారి కూడా తువ్వాలు ముట్టుకోలేదు. పాఠం పూర్తిగా వచ్చు. బడిలో ఇలా లేడు.

ఫిబ్రవరి 3, సోమవారం. ఉదయం 7.00

నిన్న సూర్యాపేటలో మొదటి పోటీ. తూఫాన్ జీపులో తొమ్మిది మందిమి. పైన ఎర్ర తెలుపు చారల గేటు కొయ్య కట్టారు. టోల్ దగ్గర కుర్రాడు కిటికీలోంచి తల పెట్టి, ఏందన్నా, మా గేటు సాలదని మీ గేటు గూడ తెచ్చుకున్నరా అన్నాడు. బండి నడిపేవాడు, లైట్లు వేసేవాడు ఒక్కడే, దయాకర్. మాది ఎత్తితే మీది గూడ ఎత్తుతవా అని అడిగాడు. అందరూ నవ్వారు. త్రివేణి కూడా నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

నాటిక 58 నిమిషాల 20 సెకన్లు. టైములోనే. ప్రాంప్టింగ్ సున్నా. ఒకటే తప్పు. చివరి మౌనం 4 సెకన్లకు బదులు 11. తర్వాత మాటలు కూడా ముద్దముద్దగా వచ్చాయి. ప్రతి ఆట టైములు రాసుకునే నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాశాను.

తిరుగు ప్రయాణంలో నిలదీశాను. రాసింది నాలుగు, పట్టింది పదకొండు, ఏడు సెకన్లు ఎక్కడికి పోయావు అని. బాలనర్సింహ నవ్వాడు. ఏడో తరగతిల గూడ గిట్లనే అడిగిన్రు టీచరమ్మా, పద్యం జెప్పమంటె నోరు తెరవలేదని పీరియడ్ అయ్యేదాంక బెంచి మీద నిలవెట్టిన్రు, మళ్ల నిలవెడ్తరా ఏంది అన్నాడు. బండి పైకప్పు తగుల్తది అన్నా అన్నాడు దయాకర్.

నాకు గుర్తు లేదు. నిలబెట్టే ఉంటాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఫలితాలు వచ్చాయి. ఉత్తమ నటుడు బాలనర్సింహ. ఒక న్యాయనిర్ణేత వేదిక మీద ఆ మౌనం గురించే పది నిమిషాలు మాట్లాడాడట. స్క్రిప్టులో నాలుగు కొట్టేసి పదకొండు రాయమని నరేందర్ ఫోన్ చేశాడు. రాశాను. పక్కన, ఈ మార్పు నాది కాదు అని కూడా రాశాను.

ఫిబ్రవరి 15, శనివారం

రిహార్సల్‌లో ఆ చోటు ఐదుసార్లు చేయించారు. 5, 4, 6, 4, 5. పదకొండు ఒక్కసారి కూడా రాలేదు. జనం ఉంటెనే వస్తది అన్నా అని బాలనర్సింహ అన్నాడు. నరేందర్ ఆ మాటకు మురిసిపోయాడు.

నాకు లెక్క కుదరలేదు. ఒకసారి కావాలని చేసిన పనిని రెండోసారి చేయగలగాలి.

ఫిబ్రవరి 24, సోమవారం. ఉదయం 5.30

నిన్న ఖమ్మం. 17 సెకన్లు.

నేను వేదిక పక్క వింగ్‌లో ఎడమ వైపు, బాలనర్సింహకు ఆరడుగుల దూరంలో కూర్చున్నాను. జనానికి కనపడనిది నాకు కనపడింది. మూతి కుడివైపుకు జారింది. కుడి చెయ్యి తువ్వాలు కోసం లేచింది. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. అది సంకేతమా కాదా? పట్టుకుంటేనే సంకేతం. నేను నోరు తెరవలేదు. తర్వాత మాట వచ్చింది, నీళ్లలోంచి వచ్చినట్టు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

గ్రీన్‌రూమ్‌లో అతని చేతిలోంచి టీ గ్లాసు జారి పడింది. అందరూ ఫొటోల హడావిడిలో ఉన్నారు. నేను మూలకు పిలిచి అడిగాను. మొదట నవ్వాడు. తర్వాత చెప్పాడు.

మాట గొంతు దాంక వస్తది టీచరమ్మా, ఆడనే ఆగుతది. మీరు బుక్కు వట్టుకొని కూసున్నది గూడ కనవడుతనే ఉంటది. తువ్వాలు వడుదామంటె చెయ్యి లేస్తలేదు. మొన్న మిషిన్ కాడ గూడ ఒకపారి గట్లనే అయింది.

దవాఖానాకు ఎందుకు వెళ్లలేదు అన్నాను. ఎర్కయితె మిషిన్ మీదికెల్లి దించుతరు, ఈ వేషం ఇంకొకలకు ఇస్తరు అన్నాడు. ముప్పై ఏండ్ల సంది రేకులు వంచుతున్న, ఒక్కనాడన్న ఎవ్వలన్న చప్పట్లు గొట్టిన్రా టీచరమ్మా? మీ కాళ్లు మొక్కుత, రాణికి జెప్పకుండ్రి అన్నాడు. రాణి అతని భార్య. ఆమె కూడా మా బడి పిల్లే.

డాక్టరుకు అంతా చెప్పి, చీటీ తెచ్చి నాకు చూపించాలి, లేకపోతే వచ్చే ఆటకు ముందు నేనే చెబుతాను అన్నాను. చేతిలో చెయ్యి వేశాడు. ఇంటిపని ఇచ్చి పంపినట్టు పంపాను.

నోటుబుక్కులో ఆ పేజీలో ఉన్నదున్నట్టు రాశాను. మూతి పక్కకు. చెయ్యి లేవలేదు. ఎవరికీ చెప్పవద్దన్నాడు, ఒప్పుకున్నాను. తేదీ వేసి సంతకం పెట్టాను.

మార్చి 1

చీటీ రాలేదు.

మార్చి 4

చీటీ రాలేదు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానన్నాడు.

మార్చి 9, ఆదివారం

చీటీ వచ్చింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఏదో చిన్న క్లినిక్‌ది. బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర. మూతి సంగతి చెప్పావా, చెయ్యి సంగతి చెప్పావా అన్నాను. తల గోక్కున్నాడు. తలనొప్పి అని జెప్పిన టీచరమ్మా అన్నాడు.

సగం జవాబు. బడిలో అయితే కాగితం వెనక్కి ఇచ్చేదాన్ని. తీసుకున్నాను. చీటీ అందింది అని రాశాను.

ఎందుకు తీసుకున్నానో కూడా రాయాలి. ఆ ముందు రోజు త్రివేణి వంటింట్లోకి వచ్చి, నానమ్మా, నేను థియేటర్ కోర్సు ఎంట్రన్స్ రాస్త అంది. గరిటె పట్టుకుని తన డైలాగులన్నీ చెప్పింది, బాలనర్సింహ మాటలతో సహా, అతని గొంతుతో. వాళ్లమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది. నాటిక ఆగితే ఆ గది తలుపు మళ్లీ మూసుకుంటుందని నాకు భయం. బాలనర్సింహ చేతిలో చెయ్యి వేసినప్పుడు అతనొక్కడి కోసమే ఒప్పుకోలేదు.

ఒక ఏర్పాటు చేసుకున్నాను. ప్రాంప్టర్ టార్చి రెండుసార్లు వెలిగిస్తే తెర వేస్తారు. తెనాలిలో మౌనం 20 సెకన్లు దాటితే వెలిగిస్తాను. స్క్రిప్టు అంచున పెన్సిలుతో 20 అని రాసి చుట్టూ గీత గీశాను.

మార్చి 23, ఆదివారం. ఉదయం 6.40

తెనాలి. ఆసుపత్రి వరండా.

సరిగ్గా రాయాలి.

నిన్న మధ్యాహ్నం కల్యాణ మండపంలో దిగాం. బాలనర్సింహ హుషారుగా ఉన్నాడు. నా పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు. మాత్ర వేసుకున్నావా అంటే జేబు తట్టి చూపించాడు. మేకప్‌కు ముందు నా కాళ్లకు దండం పెట్టాడు, ఎప్పటిలాగే.

నాటిక బాగా నడిచింది. 54 నిమిషాల 10 సెకన్ల దగ్గర త్రివేణి ఆ ప్రశ్న అడిగింది. వాచీ నొక్కాను.

నాలుగు. పదకొండు. పదిహేడు. ఎడమ చేతిలో టార్చి ఉంది. మూతి జారింది. ఈసారి చెయ్యి లేవనే లేదు. కళ్లు మాత్రం నా వైపు తిరిగాయి.

ఇరవై.

త్రివేణి స్క్రిప్టులో లేని పని చేసింది. రెండడుగులు వేసి తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చెప్పు నాయినా, ఏమనను, చెప్పు అంది. అంత గొప్పగా అది ఎప్పుడూ చేయలేదు. ముందు వరుసలో ఒకావిడ ఏడుస్తోంది. నేను త్రివేణిని చూస్తున్నాను. టార్చి నా చేతిలోనే ఉంది. పిల్లను చూస్తూ ఉండిపోయాను.

చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లలోనే అతను మోకాళ్ల మీదికి జారాడు. గేటు కొయ్య అతని మీద పడింది. టార్చి వెలిగించాను. తెర వచ్చింది. వాచీలో 34.

ఇరవై నుంచి ముప్ఫై నాలుగు. ఆ పద్నాలుగు నావి.

దయాకర్ ఎత్తుకుని బండిలో వేశాడు. మేకప్ తీయకుండానే తెచ్చాం. నర్సు అతని తెల్లరంగు మీసం చూసి వయసు డెబ్భై అని రాసింది. నేను దిద్దించాను.

డాక్టరు చిన్నమ్మాయి. ఇలా ముందెప్పుడైనా జరిగిందా అని అడిగింది. నరేందర్ లేదన్నాడు. నేను నోటుబుక్కు ఇచ్చాను. నిలబడే చదివింది. ఫిబ్రవరి రెండు, పదకొండు. ఇరవై మూడు, పదిహేడు. మూతి పక్కకు. తల ఎత్తి, మీరు ఈయనకు ఏమవుతారండీ అంది. ప్రాంప్టర్‌ను అన్నాను. అర్థం కాలేదనుకుంటాను. పేషెంటు గురించి ఇంత కరెక్టుగా రాసుకొచ్చిన వాళ్లని నేనింతవరకూ చూళ్లేదండీ అంది. పేజీ తిప్పింది. మరి ఆ రోజే ఎందుకు తీసుకురాలేదండీ అంది.

నోటుబుక్కు తీసుకుని బయటికి వచ్చాను.

మెదడులో రక్తం గడ్డకట్టిందట. కుడి పక్క పడిపోయింది. మాట లేదు.

మార్చి 27, గురువారం

సికింద్రాబాద్ దవాఖానాకు మార్చారు. ప్రాణానికి భయం లేదన్నారు. మాట సంగతి చెప్పలేమన్నారు. తెనాలిలో ఉత్తమ నటి బహుమతి త్రివేణికి వచ్చింది. తీసుకోవడానికి అది వెళ్లనంది.

మార్చి 30, ఆదివారం. ఉగాది

దవాఖానాకు వెళ్లాను. రాణి బల్ల మీద జరిగి చోటిచ్చింది. ఖమ్మంల గూడ గిట్లనే ఆగిండంట గదా టీచరమ్మా, నరేందరన్న జెప్పిండు అంది. మీరు పక్కపొంటనే ఉన్నరు, మీకేమన్న అనుమానం కొట్టలేదా అంది.

నాటకంలో అలాంటివి ఉంటాయి రాణీ, అందరం నటన అనే అనుకున్నాం అన్నాను.

అందరం అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. మీరు దగ్గరుండబట్టి జెల్ది దవాఖానల వేసిన్రు, లేకుంటె ఏమయ్యెటోడో, మీ పున్యాన బతికిండు అంది. చేతిని వెనక్కి తీసుకోలేదు. నోటుబుక్కు సంచిలోనే ఉంది.

డైరీలో అబద్ధం రాయనని జనవరిలో రాశాను. డైరీలో రాయలేదు. నోటితో చెప్పాను.

ఏప్రిల్ 3, గురువారం

బాలనర్సింహను ఇంటికి తెచ్చారు. మా ఇంటికి మూడు గల్లీల అవతల. వెళ్లలేదు.

ఏప్రిల్ 6

వెళ్లలేదు. మోకాళ్ల నొప్పి అని చెప్పించాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

ఏప్రిల్ 8

త్రివేణి ఎంట్రన్స్ ఫారం నింపింది. గది తలుపు తెరిచే ఉంది. రాత్రి దాని ముందు నుంచి రెండుసార్లు నడిచాను.

ఏప్రిల్ 11, శుక్రవారం. సాయంత్రం 4.15

రాణి ఫోన్ చేసింది.

వారం నుంచి ఒకటే వరసట. ఎడమ చేత్తో భుజం మీది తువ్వాలు అంచు పట్టుకుంటాడు, తలుపు వైపు చూస్తాడు. నీళ్లిస్తే పారబోస్తాడు. ఫ్యాను తిప్పితే గుడ్లురుముతాడు. తువ్వాలు మురికైందని ఆమె తీసి ఉతకబోతే కొట్టినంత పని చేశాడట. నెత్తి పనిచేస్తలేదో ఏమో అని ఏడ్చిన టీచరమ్మా అంది. పొద్దున త్రివేణి చూడటానికి వెళ్లిందట. చూడగానే, అత్తా, ఆయన నెత్తి మంచిగనే ఉన్నది, మాట మరిచిన అంటుండు, నానమ్మను పిలుస్తుండు అని చెప్పిందట.

ఏం మాట గావాల్నో మీకొక్కలకే ఎర్కనట గదా, జర రాండ్రి టీచరమ్మా అంది రాణి.

వస్తానన్నాను.

ఖమ్మంలో ఆ చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగితే నియమం చూసుకున్నాను. ఇప్పుడు పూర్తిగా పట్టుకున్నాడు. వారం నుంచి పట్టుకునే ఉన్నాడు. ఇంత ఆలస్యం చేసిన ప్రాంప్టర్ ఎక్కడా ఉండదు. వేదిక మీద అయితే చేతిలో పేజీ ఉంటుంది. ఆ ఇంట్లో ఏ పేజీ తెరవాలి?

ఏప్రిల్ 13, ఆదివారం

నేను వెళ్లేసరికి బాలనర్సింహ ఎడమ చెయ్యి తువ్వాలు మీద ఉంది.

అందించిన మాటలు: నీళ్లు. రాణి. నొప్పి. మిషను. నాలుగింటికీ తల అడ్డంగా ఊపాడు.

ఐదోది: నిద్రవోయిన బిడ్డా.

చెయ్యి దించాడు.

రాణి నా ముఖంలోకి చూసింది. ఎవలు టీచరమ్మా, నిద్రవోయింది? అని అడిగింది. సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఖమ్మం ఆట రాసిన ఫిబ్రవరి ఇరవై మూడు పేజీ తెరిచి ఆమె చేతికిచ్చాను.

నిలబడే చదివింది. ఎంతసేపు చదివిందో రాయలేను. వాచీ ఇంట్లో వదిలి వెళ్లాను.